ఆకాశవాణి ఎవరి వాణి?

కొన్నాళ్ళ క్రిందట తరగతిలో భాగవత దశమస్కంధ కథ చెబుతున్నాను. దేవకీ వసుదేవుల పెండ్లి జరిగింది. చెల్లెలి మీది ప్రేమతో కంసుడు తానే పగ్గాలు పట్టి రథం తోలుతున్నాడు. మంగళవాద్యాలు మ్రోగుతున్నవి. అంతలో ఆకాశవాణి పలికింది, అన్నాను. వెనుక బెంచీలో కూర్చున్న విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఆకాశవాణి అంటే రేడియో గదా! కంసుని కాలంలో రేడియో ఎక్కడిది?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చిన తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పిల్లవాడు తెలియక అడిగినా, అడుగవలసిన దానినే అడిగాడు. పురాణంలోని ఆకాశవాణికీ, మన ఇండ్లలోని ఆకాశవాణికీ పేరు ఒక్కటే. గుణం కూడా ఒక్కటేనా?

పురాణంలోని ఆ వాణి ఏమి చేసిందో ఒకసారి స్మరించుకొందాము. ఎనిమిదవ గర్భంలో పుట్టేవాడు నిన్ను చంపుతాడని అది రాజు ముఖం మీదనే చెప్పింది. రాజు సంతోషంగా ఉన్న వేళ, ఊరంతా వింటుండగా, రాజు వినగోరని మాటను చెప్పింది. దానిని నియమించినవారు లేరు. దానికి జీతమిచ్చే ఖజానా లేదు. దాని గొంతు నొక్కే ఉపాయం కంసునికి తోచలేదు. అందుచేత అతడు ఏమి చేశాడు? చేతికి అందిన దేవకి జుట్టు పట్టుకొని కత్తి దూశాడు. పలికిన గొంతు అందకపోతే ప్రక్కనున్నవారి మెడ మీదికి పోవడం ఆనాటి నుంచి ఉన్న రాజనీతి.

ఈ కథను తెనుగు చేసిన పోతన ఊరు బమ్మెర మా వర్ధన్నపేటకు దూరమేమీ కాదు. ఆ మహాకవి తన కృతిని రాజులకు అంకితమివ్వడానికి ఒప్పుకోలేదని ఈ ప్రాంతంలో పిల్లలకు సైతం తెలిసిన జనశ్రుతి. రాజాశ్రయం కోరని కవి వ్రాసిన గ్రంథంలో రాజుకు వెరవని వాణి వినిపించడం ఎంతో సమంజసంగా ఉన్నది.

ఇక రెండవ ఆకాశవాణి సంగతి. 1935లో మైసూరులో ఆచార్య గోపాలస్వామి నెలకొల్పిన చిన్న ప్రసార కేంద్రానికి ఈ పేరు పెట్టారు. 1950లలో ఆలిండియా రేడియో దానిని స్వీకరించింది. 2023లో ఆంగ్ల నామాన్ని విడిచి, ఇక ఆకాశవాణి అన్న పేరే వాడవలెనని ఆ సంస్థ నిర్ణయించుకొన్నది. పేరు సంపూర్ణంగా మనది అయింది. ఆ పేరులోని ధర్మం మాత్రం మనకు ఇంకా పూర్తిగా దక్కలేదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన హైదరాబాదు రాజ్యపు అనుభవమే తీసుకొందాము. 1935లో నిజాం ప్రభుత్వం హైదరాబాదు రేడియోను తన చేతిలోనికి తీసుకొన్నది. దక్కన్ రేడియో అని దానిని పిలిచేవారు. 1948లో పోలీసు చర్యకు ముందు ఆ రేడియో ఒక లోకాన్ని చూపేది. అవతలి వైపు నుంచి వినవచ్చే ఆలిండియా రేడియో మరొక లోకాన్ని చూపేది. సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయింది. సెప్టెంబరు 23న అదే దక్కన్ రేడియోలో నిజాం స్వయంగా మాట్లాడి, అంతవరకు పాలించిన మంత్రివర్గంతో తనకు పొత్తు లేదన్నట్లు ప్రకటించాడు. యంత్రం అదే, గది అదే, తరంగం అదే. ఆరు రోజులలో సత్యం మారిపోయింది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం భారత ప్రభుత్వ పరమైంది. యజమాని మారాడు. యజమాని మాటే పలుకవలెననే సంప్రదాయం మాత్రం వెంట వచ్చింది.

స్వతంత్ర భారతంలో ఆ సంప్రదాయం ఎంత దూరం పోగలదో 1975 జూన్ 26 ఉదయం తెలిసింది. అత్యవసర పరిస్థితి విధించిన సంగతిని దేశం ఆకాశవాణి ద్వారానే విన్నది. ఆ తర్వాత పందొమ్మిది నెలలకు పైగా ఆ వాణిలో ప్రభుత్వ స్తుతి తప్ప వేరొకటి వినిపించలేదు. ప్రతిపక్ష నాయకులు చెరసాలలో ఉన్నారన్న సంగతి పల్లె ప్రజలు రచ్చబండ మీద గుసగుసలుగా చెప్పుకొన్నారు గాని పంచాయతీ ఆఫీసు రేడియో చెప్పలేదు. రాజకీయ పక్షాలు ఎన్నికల సమయంలో ఆకాశవాణి నుంచి ఓటర్లతో మాట్లాడే అవకాశం మొట్టమొదట 1977లోనే వచ్చింది. అనగా స్వాతంత్ర్యం వచ్చిన ముప్పది ఏండ్లకు.

ఇచ్చట న్యాయంగా ఒక మాట చెప్పవలె. ఆ వాణి మనకు చేసిన ఉపకారం చిన్నది కాదు. పంట పొలాలలో పురుగు పట్టితే ఏమి చల్లవలెనో అదే చెప్పింది. న్యాయపతి రాఘవరావుగారు రేడియో అన్నయ్యగా మన పిల్లల చేత పాడించారు, ఆడించారు. నాటకాన్ని, లలిత సంగీతాన్ని, అష్టావధానాన్ని గడప గడపకు మోసుకొని వచ్చింది అదే. ఒక తరం తెలుగువారు స్పష్టమైన ఉచ్చారణను నేర్చుకొన్నది బడి కంటె వార్తల వలననే అన్నా అతిశయోక్తి కాదు. ఇంత మేలు చేసిన సంస్థ మీద మమకారం ఉన్నవారే దాని స్వాతంత్ర్యం కోసం ఎక్కువగా పట్టుపట్టవలె.

ఆ స్వాతంత్ర్య యత్నంలో తెలుగువారి పాత్ర చాలా ఉన్నది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో అంతగా కానరాదు గనుక విద్యార్థుల కోసం సంగ్రహంగా చెబుతాను. అత్యవసర పరిస్థితి తొలగిన పిమ్మట బి.జి. వర్గీస్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1978లో నివేదిక ఇచ్చి, ఆకాశభారతి అనే స్వతంత్ర సంస్థను నెలకొల్పవలెనని చెప్పింది. 1979లో ఒక బిల్లు వచ్చింది గాని లోకసభ రద్దు కావడంతో అదీ పోయింది. పది సంవత్సరాల తర్వాత కేంద్రంలో సమాచార ప్రసార మంత్రి అయిన పర్వతనేని ఉపేంద్ర తెచ్చిన బిల్లు 1990లో ప్రసార భారతి చట్టమైంది. చట్టం పుట్టింది గాని తొట్టెలోనే నిద్రపోయింది. దానిని అమలులోనికి తెచ్చే ప్రకటన వెలువడలేదు. 1991 నుంచి 1996 వరకు ప్రధాని పదవిలో ఉన్నవారు మన ఓరుగల్లు ప్రాంతపు బిడ్డ, బహుభాషావేత్త, సాహిత్యవేత్త పి.వి. నరసింహారావుగారు. ఆర్థిక వ్యవస్థ తలుపులు తెరిచిన ఆ మేధావి హయాంలో సైతం ఈ ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఎంతటివారికైనా చేతిలో ఉన్న ప్రసార యంత్రాన్ని విడిచిపెట్టడం సులభం కాదని దీని వలన గ్రహించవచ్చును.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వివాదం చూడబోతే క్రికెట్ పోటీల ప్రసారానికి సంబంధించినది. బెంగాల్ క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ నడుమ వచ్చిన తగవు. కాని న్యాయమూర్తులు దాని మూలం దాకా పోయి, వాయుతరంగాలు ప్రజల సొత్తు అని తేల్చారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయాన్ని వ్రాశారు. ప్రసార సాధనం ప్రభుత్వం గుప్పిట్లో ఉండరాదు, అట్లని ధనవంతుల గుప్పిట్లోనికి పోరాదు, అది ప్రజల అదుపులో ఉండవలె అని ఆయన వాదం సారాంశం. ప్రభుత్వం వేరు, ప్రజలు వేరు అన్న ఈ చిన్న భేదాన్ని అంత స్పష్టంగా చెప్పడం గొప్ప విషయం. తుదకు 1997లో సమాచార మంత్రిగా ఉన్న సూదిని జైపాల్ రెడ్డి, ఏడేండ్లుగా నిద్రించిన చట్టాన్ని అమలులోనికి తెచ్చారు. బిల్లు తెచ్చిన మంత్రీ, సిద్ధాంతం చెప్పిన న్యాయమూర్తీ, చట్టాన్ని నిద్రలేపిన మంత్రీ ముగ్గురూ తెలుగువారే.

ఇంత జరిగిన తర్వాత ప్రసార భారతి స్వతంత్రమైందా? చట్టం చదివితే అయిందనే తోచును. అనుభవం చూస్తే సందేహం కలుగును. ఈ సందేహాన్ని తీర్చుకోవడానికి నాకు తోచిన ఉపాయం ఒకటి ఉన్నది. ఏ ప్రసార సంస్థను గురించి అయినా మూడు ప్రశ్నలు వేయవలె. దాని పెద్దలను నియమించేది ఎవరు? దానికి జీతం ఇచ్చేది ఎవరు? దాని మీట ఎవరి చేతిలో ఉన్నది? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా "పాలకుడు" అని జవాబు వస్తే, ఆ సంస్థ పేరు ఏదైనా అది దర్బారు భేరి మాత్రమే.

ఐరోపా దేశాల చరిత్ర ఈ ప్రశ్నలకు మంచి వ్యాఖ్యానం వంటిది. మొదటి ప్రశ్నకు జర్మనీని చూడండి. నాజీలు రేడియోను ఏ విధంగా వాడుకొన్నారో లోకానికి తెలుసు. ఆ చేదు అనుభవంతో యుద్ధానంతరం పశ్చిమ జర్మనీలో ప్రసార సంస్థలను కేంద్ర ప్రభుత్వానికి దూరంగా ఉంచారు. అయినా ప్రధాని అడెనావర్ 1960లో తన అదుపులో ఉండే టెలివిజన్ సంస్థను పెట్టబోయాడు. 1961 ఫిబ్రవరి 28న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదన్నది. ప్రసారం ప్రభుత్వానికి గాని, సమాజంలోని ఏ ఒక్క వర్గానికి గాని దఖలు పడరాదని చెప్పింది. కథ అంతటితో ముగియలేదు. 2014 మార్చిలో అదే న్యాయస్థానం జడ్.డి.ఎఫ్. అనే ప్రజాప్రసార సంస్థ పాలకవర్గాలను పరిశీలించి, వాటిలో ప్రభుత్వానికి చెందినవారు, దానికి సన్నిహితులైనవారు మూడవ వంతుకు మించరాదని శాసించింది. అరువది ఏండ్ల ప్రజాస్వామ్యం తర్వాత కూడ కాపలా సడలలేదన్నమాట.

బ్రిటన్‌లో బి.బి.సి. 1927 నుంచి రాజశాసనం క్రింద నడుస్తున్నది. 1956 నవంబరులో సూయెజ్ యుద్ధ సమయాన ప్రధాని ఈడెన్ దేశాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. మరునాడు ప్రతిపక్ష నాయకుడు గైట్‌స్కెల్ అదే సంస్థ ద్వారా దానికి జవాబు చెప్పాడు. దేశపు సైన్యం యుద్ధంలో ఉండగా యుద్ధం తప్పు అని చెప్పే గొంతుకు చోటిచ్చిన ఆ సందర్భం ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకోదగినది. అయితే బి.బి.సి.లోనూ లోపం లేకపోలేదు. దాని అధ్యక్షుని ఎంపిక చేసేది ప్రభుత్వమే. మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్‌కు అప్పు దొరికే వ్యవహారంలో తన ప్రమేయాన్ని నియామకానికి ముందు పూర్తిగా వెల్లడించనందుకు 2023లో అప్పటి అధ్యక్షుడు రాజీనామా చేయవలసి వచ్చింది. నియామకంలోని చిన్న మరక ఎంత దూరం పాకుతుందో చూడండి.

రెండవ ప్రశ్న జీతానిది. జర్మనీలో ప్రతి కుటుంబమూ నెల నెలా కొంత రుసుము చెల్లిస్తున్నది. సంస్థకు ఎంత సొమ్ము కావలెనో లెక్కగట్టేది మంత్రి కాదు, ఒక స్వతంత్ర నిపుణుల సంఘం. 2018 మార్చిలో స్విట్జర్లాండులో ఆ రుసుమును రద్దు చేయవలెనా అని ప్రజలనే అడిగారు. నూటికి 71 మందికి పైగా వద్దన్నారు. తమ జేబు నుంచి పోయే సొమ్మును తామే కొనసాగించుకొన్నారు. మనకు కూడా ఇటువంటి రుసుము ఒకప్పుడు ఉండేదని ఇప్పటి విద్యార్థులకు తెలియకపోవచ్చును. రేడియో కొన్నవారు పోస్టాఫీసుకు పోయి లైసెన్సు పుస్తకం తెచ్చుకొని, ఏటేటా డబ్బు కట్టి ముద్ర వేయించుకొనేవారు. 1980లలో అది పోయింది. భారం తగ్గిందని అందరూ సంతోషించారు. అయితే ఆ రుసుము ఉన్న రోజులలో కూడా వసూలు చేసేది ప్రభుత్వమే, వెచ్చించేది ప్రభుత్వమే. శ్రోత చెల్లించాడు గాని యజమాని కాలేదు. నేడు ప్రసార భారతికి కావలసిన సొమ్ములో పెద్దభాగం కేంద్ర బడ్జెటు నుంచే వస్తున్నది. పాలకవర్గ నియామకానికి రాజ్యసభ అధ్యక్షుడు, ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు ఉన్న సంఘాన్ని చట్టం ఏర్పరచింది, బాగున్నది. కాని ఏటేటా మంత్రిత్వశాఖ గడప ఎక్కి చేయి చాపవలసినవాడు ఆ గడప లోపలి సంగతులను ఎంత నిర్భయంగా చెప్పగలడు? 2014లో శాం పిట్రోడా సంఘం కూడా ఈ సంస్థకు కాగితం మీద ఉన్న స్వాతంత్ర్యాన్ని నిజం చేయవలెననే చెప్పింది. ఆ నివేదిక వచ్చి దశాబ్దం దాటింది.

మూడవ ప్రశ్న మీటది. గ్రీసు దేశంలో 2013 జూన్ 11న ప్రభుత్వం పొదుపు పేరుతో ప్రజాప్రసార సంస్థను మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ రాత్రికే తెరలు నల్లబడినవి. ఉద్యోగులు ఇంటర్నెట్ ద్వారా ప్రసారం సాగించారు. ప్రజలు కార్యాలయం ముందు గుమికూడారు. సరిగా రెండేండ్లకు, ప్రభుత్వం మారిన తర్వాత, 2015 జూన్ 11న అది తిరిగి మొదలైంది. హంగరీలో 2010 నాటి చట్టం తర్వాత నియంత్రణ మండలిలో అధికారపక్షం ఎన్నుకొన్నవారే కూర్చున్నారు. పోలండులో 2015లో వచ్చిన ప్రభుత్వం టెలివిజన్‌ను తన వశం చేసుకొన్నది. 2023 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన ప్రభుత్వం పాత పెద్దలను తొలగించే క్రమంలో ఒక వార్తా ఛానలు ప్రసారమే ఆగిపోయింది. నిన్న తప్పు అన్నవారే నేడు అదే మీట మీద చేయి వేశారు. ఈ అనుభవాలన్నిటి ఫలితంగా ఐరోపా సమాఖ్య 2024లో మాధ్యమ స్వేచ్ఛా చట్టం చేసింది. 2025 ఆగస్టు నుంచి అది సాధారణంగా అమలులోనికి వచ్చింది. ప్రజాప్రసార సంస్థల పెద్దలను బాహాటమైన పద్ధతిలో నియమించవలెననీ, నిధులు చాలినంతగా, ముందుగా తెలిసే విధంగా ఉండవలెననీ అది చెబుతున్నది. ఐరోపావారు పుణ్యాత్ములు గనుక ఈ నియమాలు రాలేదు. చేతులు కాలిన తర్వాత నేర్చుకొన్నారు.

మన చేతులు కాలలేదా? ఇక్కడ మన ఇంటి సంగతి చెప్పక తప్పదు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే ఒక ఛానలు కొత్త శాసనసభ్యులను అపహసిస్తూ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అది అభ్యంతరకరమే. దరిమిలా టి.వి.9, ఎ.బి.ఎన్. ఆంధ్రజ్యోతి ఛానళ్ళు తెలంగాణలో కేబులు తెరల మీద కనిపించకుండా పోయినవి. ఆపినది కేబులువారే, మాకు సంబంధం లేదు అని ప్రభుత్వం అన్నది. ఆ సెప్టెంబరు 9న ఓరుగల్లులోనే కాళోజీ శతజయంతి సందర్భంగా మాట్లాడుతూ అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు, తెలంగాణను అవమానించే మాధ్యమాలను పాతరవేస్తామనే అర్థంలో తీవ్రంగా హెచ్చరించారు. అన్యాయాన్ని చూచి నిజాం కాలం నుంచి ఊరకుండని కవి జన్మదినాన, ఆ కవి నివసించిన నగరంలో, ఆ మాట వినవలసి రావడం నాకు బాధ కలిగించింది. ఈ ప్రాంతపు స్వాభిమానం కోసం నేను ఎవరికీ తీసిపోను. స్వాభిమానానికి కావలుండవలసింది జవాబు చెప్పే నోరు గాని, మూసే చేయి కాదు.

ఇది ఒక్క పక్షం దోషమనుకొంటే పొరపాటు. 2016 జూన్‌లో ముద్రగడ పద్మనాభం దీక్ష సమయాన ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టెలివిజన్ ప్రసారాలు ఆగిపోయినవి. అప్పుడు అక్కడ పాలకపక్షం వేరు. 2021లో మరొక పాలకపక్షం కాలంలో, ఒక పార్లమెంటు సభ్యుని ప్రసంగాలు ప్రసారం చేసినందుకు టి.వి.5, ఎ.బి.ఎన్. ఛానళ్ళ మీద ఆంధ్రప్రదేశ్ పోలీసులు రాజద్రోహం కేసు పెట్టారు. ఆ ఏడు మే 31న సుప్రీంకోర్టు వాటి మీద బలవంతపు చర్యలు తీసుకోరాదని ఆదేశించింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రప్రదేశ్ కేబులు తెరల మీద కొన్ని ఛానళ్ళు మళ్ళీ మాయమైనవి. ఈసారి ఢిల్లీ హైకోర్టు దాకా పోయి పునరుద్ధరణకు ఉత్తర్వు తెచ్చుకోవలసి వచ్చింది. ఈసారి కూడా పాలకపక్షం తమకు సంబంధం లేదనే అన్నది.

ఈ వరుసలో గమనింపదగిన విషయం ఒకటున్నది. ప్రసారాలు ఆగిపోయినప్పుడు చాలవరకు ఆపినవాడు కనిపించడు. ఉత్తర్వు ఉండదు, సంతకం ఉండదు. సాయంత్రం దాకా వచ్చిన ఛానలు రాత్రి రాదు, అంతే. కంసుడు పట్టుకొన్న జుట్టు వంటిది ఈ కేబులు తీగ. పలికే గొంతు దూరాన ఉపగ్రహం మీద ఉన్నది, అందదు. చేతికి అందేది మన వీథిలోని కేబులు ఆపరేటరు. ఊరిలో బ్రతుకవలసినవాడు, స్తంభాల మీద తీగలు లాగుకోవడానికి అందరి దయా కావలసినవాడు, పెద్దల కనుసన్న చాలు, తీగ తెంచుతాడు. కనుక అతనిని నిందించి ప్రయోజనం లేదు. ఉత్తర్వు లేకుండా మీట నొక్కే వీలును తొలగించవలె.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. ఈ ఛానళ్ళు చేస్తున్న ఆగడాలు తక్కువా, వాటికి స్వేచ్ఛ ఎందుకు అని చాలమంది ఉపాధ్యాయ మిత్రులు నాతో అన్నారు. వారి కోపం నాకు తెలుసు. తెలుగు వార్తా ఛానళ్ళలో ఏది ఏ పక్షానిదో చూచేవారికి తెలిసిపోతున్నది. ఒక ఇంట్లో ఏ ఛానలు పెట్టారో చూచి ఆ ఇంటి ఓటు చెప్పగలిగే దుస్థితి వచ్చింది. చావు ఇంటి ముందు మైకు పెట్టి ఏడ్చేవారిని మరింత ఏడిపించే దృశ్యాలు నేనూ చూచి తల దించుకొన్నాను. దీనికి శిక్ష ఉండవలె. 1995 నాటి కేబులు టెలివిజన్ చట్టం ఉన్నది. ఛానళ్ళవారు తామే పెట్టుకొన్న ఫిర్యాదుల మండలి ఉన్నది. పరువునష్టపు దావా ఉన్నది. వాటికి పదును పెట్టండి. తప్పు ఏదో వ్రాసి, జవాబు అడిగి, కారణం చూపి, అందరికీ తెలిసేటట్లు శిక్షించండి. కేరళలోని మీడియావన్ ఛానలు వ్యవహారంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. కారణాన్ని మూసిన కవరులో పెట్టి ఛానలు నోరు కట్టడం న్యాయం కాదన్నది. తరగతిలో అల్లరి చేసిన విద్యార్థిని ఎందుకు శిక్షిస్తున్నామో చెప్పి శిక్షించే ఉపాధ్యాయునికీ, దీపం ఆర్పి కొట్టేవానికీ భేదం లేదా?

ప్రైవేటు ఛానళ్ళ పక్షపాతానికి అసలైన మందు మరొకటి ఉన్నది. అందరూ నమ్మదగిన ప్రజాప్రసార సంస్థ ఒకటి బలంగా నిలబడితే, మిగిలినవారి గోలను తూచుకోవడానికి ప్రజలకు ఒక తూకపురాయి దొరుకును. అటువంటి సంస్థ మనకు అవసరం లేదనేవారికి 2020ని గుర్తు చేస్తాను. మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు, ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో పాఠాలు డి.డి. యాదగిరి, టీ-శాట్ ద్వారా పిల్లల ఇండ్లకు చేరినవి. స్మార్ట్‌ఫోను కొనలేని కూలీ ఇంటి పిల్ల టెలివిజన్ ముందు నోటుపుస్తకం పట్టుకొని కూర్చున్నది. లాభం లేనిచోట నిలబడినది ప్రజాధనంతో నడిచే సాధనమే. అట్లే జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళలు 2008 నుంచి నడుపుకొంటున్న సంఘం రేడియోను చూడండి. విత్తనాల గురించి, పండుగల గురించి, తమ బ్రతుకు గురించి తమ యాసలోనే తాము మాట్లాడుకొన్నారు. అయితే అటువంటి రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకూ లేదు. ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించవలసిందే. పంటను గురించి మాట్లాడవచ్చును గాని ఆ పంటకు ధర ఎందుకు రాలేదో వార్తగా చెప్పరాదన్నమాట.

కనుక నా మనవి ఇది. ప్రసార భారతి పెద్దలను ఎంపిక చేసే సంఘంలో ప్రతిపక్ష నాయకునికి స్థానం ఉండవలె. దానికి కావలసిన నిధులను అయిదేండ్లకు ఒకసారి స్వతంత్ర సంఘం నిర్ణయించి, మంత్రి ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండా అందజేయవలె. సంతకమూ కారణమూ ఉన్న ఉత్తర్వు లేకుండా ఏ ఛానలునూ కేబులు నుంచి తొలగించరాదు. తొలగించితే నియంత్రణ సంస్థ తనంతట తానే కొద్ది రోజులలో విచారించవలె. సంఘం రేడియో వంటివాటికి తమ ఊరి వార్తలు చెప్పుకొనే హక్కు ఇవ్వవలె. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. సాటి ప్రజాస్వామ్య దేశాలలో వీటిలో చాలభాగం ఏదో ఒక రూపంలో ఉన్నవే.

చట్టాలు ఢిల్లీలో పుడతవి. కాని చట్టాన్ని అడిగే బుద్ధి బడిలోనే పుట్టవలె. ఉపాధ్యాయ సోదరులకు ఒక చిన్న సూచన. నెలకు ఒకసారి పిల్లల చేత ఒకే రోజు వార్తలను నాలుగు చోట్ల వినిపించండి. దూరదర్శన్ ఒకటి, పరస్పరం పడని రెండు ఛానళ్ళు, ఒక దినపత్రిక. దేనిలో ఏ వార్త మొదట వచ్చింది, దేనిలో ఏది రానే లేదు అని నోటుపుస్తకంలో వ్రాయించండి. ముఖ్యంగా రానిదానిని వెదకమనండి. తర్వాత ఆ మూడు ప్రశ్నలు వేయించండి. నియమించేది ఎవరు, జీతమిచ్చేది ఎవరు, మీట ఎవరిది? ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉన్నది గదా, ఇక టెలివిజన్ గొడవ ఎందుకని కొందరు అనవచ్చును. ఆ ఫోనులో వచ్చే వార్తకు కూడా ఈ మూడు ప్రశ్నలే చెల్లును.

మరునాడు తరగతికి పోయి ఆ విద్యార్థిని లేపి, నీ ప్రశ్నకు జవాబు తెచ్చాను అన్నాను. కంసుని కాలంలో రేడియో లేదు నాయనా, మన కాలంలో రేడియో ఉన్నది, దానికి ఆ పాత వాణి పేరు పెట్టుకొన్నాము, అంతే అన్నాను. వాడు కొంచెం ఆలోచించి, "అయితే సార్, మన ఆకాశవాణి ఎప్పుడైనా రాజుకు నచ్చని మాట చెప్పిందా?" అని అడిగాడు. తరగతిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్నను పాఠకుల ముందు ఉంచుతున్నాను.